గురువారం పోపు

డండీలో గురువారం సాయంత్రం,
చర్చి వెనక హాల్లో నాలుగు స్టవ్వులు, పదకొండు ఏప్రన్లు.
టే నది మీంచి గాలి
కిటికీ సందుల్లో ఈల వేస్తోంది.

మణికుంతల గారికి కొలత చెంచాలు గిట్టవు.
ఉప్పెంత అని అడిగితే అరచెయ్యి చూపిస్తారు.
మా అరచేతులు ఒక్కోటి ఒక్కో సైజు.
అందుకే ఒకే మసూరు పప్పు
నాలుగు స్టవ్వుల మీద నాలుగు రుచులు.

పోయిన వారం లుచీలు.
జ్బిగ్‌నెవ్ వత్తినది పోలెండ్ పటంలా వచ్చిందని నవ్వాం.
అతను నవ్వలేదు,
పిండి మీద వేలు పెట్టి
"మా ఊరు ఇక్కడ" అని చూపించి
నూనెలోకి జార్చాడు.
ఊరున్న చోటే పొంగింది.

ఇవాళ పోపు.
జీలకర్ర, మెంతులు, సోపు, నల్లజీలకర్ర, ఆవాలు.
ఆవనూనె పొగలు కక్కేసరికి
అందరం దగ్గాం, ఎఫీ తప్ప.
"తిమింగలం నూనెలో తడిసిన నార
పీల్చారా ఎప్పుడైనా?" అంది.
పదిహేనో ఏట జనపనార మిల్లుకెళ్లింది.
ఇప్పుడు ఎనభై నాలుగు.
మగ్గాల మోత ప్రతి శనివారం
జీతంలోంచి కాస్త కాస్త చెవులు కోసుకుంది.

మిల్లు ఆడవాళ్లు పెదాలు చదువుకునేవారట.
మణికుంతల గారు బెంగాలీలో విసుక్కున్నా
ఎఫీకి తెలిసిపోతుంది.

"ఇక కళ్లు వద్దు, వినండి" అన్నారావిడ.
"చిటపటలు మొదలైనప్పుడు కాదు,
సన్నగిల్లబోయేటప్పుడు. ఆ సందు దాటితే మాడు."
అనేసి నాలిక్కరుచుకున్నారు.
నేను ఎఫీ పక్కకి జరిగి
"టైమవగానే చెయ్యి ఎత్తుతాను" అన్నాను,
పెదాలు బాగా విప్పి.

తల అడ్డంగా ఊపింది.
బాణలి కర్రపిడి మీద రెండు వేళ్లు ఆనించి
కళ్లు మూసుకుంది.
పోగు తెగితే మగ్గం ఇలాగే చెప్పేదట,
మేస్త్రీ కన్నా ముందే.
ఆ వేళ్ల కింద ఏం దొర్లుతోందో,
గింజలా, పోగులా.
ఉన్నట్టుండి గరిటెడు పప్పు వంపింది.
భుస్సుమని ఆవిరి.
మణికుంతల గారు ఒంగి వాసన చూసి
ఏమీ అనలేదు. మంట తగ్గించారంతే.

ఈలోపు నా బాణలిలో పోపు బొగ్గయింది.
రెండు చెవులూ శుభ్రంగా ఉన్నవాణ్ని
ఆవిణ్ణి చూస్తూ నిలబడిపోయాను.

తినేటప్పుడు ఎఫీ అడిగింది,
నార బేళ్ల మీద ముద్ర ఉండేదట,
సె-రా-జు-గన్,
అది మనిషి పేరా, కంపెనీ పేరా?
మణికుంతల గారి చేతిలో లుచీ ఆగింది.
"సిరాజ్‌గంజ్. అది మా నాన్న పుట్టిన ఊరు.
నేనూ చూడలేదు."
ఎఫీ కుర్చీ ముందుకి లాక్కుని
ఆవిడ నోటి వంక గుచ్చి చూసింది.
మళ్లీ అనమంది. మళ్లీ.
నాలుగోసారి తనూ అంది,
పప్పు మెతుకు గడ్డం మీద అంటుకుని ఉండగానే.

నా మాడిన పప్పుకి
వచ్చి వడ్డించుకున్నవాడు జ్బిగ్‌నెవ్ ఒక్కడే.
"మా అమ్మ వంటలాగే ఉంది" అన్నాడు.
అది మెప్పో కాదో
బాణలి తోముతూ ఇంకా ఆలోచిస్తున్నాను.