ఐదో జత

ఉరుకుందప్ప అంటే ఆదోనిలో మొదట
లారీల వెనక తామరపువ్వు రాసేటోడే.
తర్వాత సినిమా బ్యానర్లకు గళ్లు గీసి
హీరోయిన్ ముక్కు ఒక్కటే మూడు రోజులు దిద్దినాడంట,
బొమ్మ అప్పటికే టాకీసు విడిచి
ఎమ్మిగనూరు పోయింది.

ఎమర్జెన్సీ ఏడు ఆరోగ్యశాఖోళ్లు పిలిచినారు.
గోడకు పన్నెండు రూపాయలు.
అమ్మ, నాయన, ఇద్దరు పిల్లలు,
కింద ఎర్ర త్రికోణం.
మొదటిది రైల్వేగేటు గోడ మీద.
నాయన భుజాన కొడుకు. అమ్మ చేతిలో గిన్నె,
గిన్నెలోనుంచి ఆవిరి.
ఆ కరువులో ఆవిరిని చూడనీకే
జనం నిలబడేవాళ్లని మాయమ్మ చెప్పేది.

గడప దగ్గర చెప్పులు గీసినాడు.
డాక్టరు జీపు దిగి లెక్కబెట్టినాడు:
"నలుగురు మనుషులు. ఐదో జత ఎవురిదప్పా?
చిన్న కుటుంబమని కదా రాయమంటిమి."
ఉరుకుందప్ప తల గోక్కొని
దాని మీద సున్నం పూసినాడు.
వానొచ్చినప్పుడంతా అది మళ్లా తేలేది.
మాకు వాన ఎక్కువసార్లు రాదు కాబట్టి
ఎవురికీ ఇబ్బంది కాలేదు.

సంసారం బొమ్మలు రాసేటోడికి సంసారం లేదు.
పుట్టిన ఏడే వాళ్ల నాయన బళ్లారి దిక్కు పనికి పోయి
ఆ దిక్కే ఉండిపోయినాడు.
అమ్మ సంగతి ఆయప్ప చెప్పలేదు, మేం అడగలేదు.
బసప్ప మెస్సులో టోకెన్ కూడు.
అందుకే మా ఇంటికొచ్చేవాడు, చూడనీకే.
దూదేకులోళ్ల వంటింట్లో చూసేదేముంటుంది?
గొంతుక్కూచొని అడిగేవాడు:
"అక్కా, బిడ్డకు తినిపిచ్చేటప్పుడు
నీ ఎడమ చెయ్యి యాడుంటాది?"
"వీపు మీద. తినకుంటే ఒకటి వెయ్యనీకే."
ఆయప్ప దాన్ని గదుమ కింద పెట్టి రాసుకున్నాడు.

ఆ బిడ్డను నేనే.
బొమ్మలో రెండు జడలు, పచ్చ రిబ్బన్లు.
నా తలలో ఉన్నవి పేలు.

ఎనభై మూడు క్యాలెండరు పత్తి సేటు వేయించినాడు.
సేటు అడిగినాడని మాయమ్మకు బొట్టు పెట్టినాడు.
మాయమ్మ దాన్ని అద్దంలో చూసుకున్నట్టు చూసి
"ఉండనీ లే" అనింది.
నాయనను దీపం పక్కన కూచోబెట్టినాడు.
మా నాయనది జిన్నింగు మిల్లులో రాత్రి షిఫ్టు.
దీపాలు పెట్టే పొద్దుకు ఇంట్లో ఉన్న రోజు
నాకు ఒక్కటీ గుర్తులేదు.
తెల్లారి కనుబొమ్మల నిండా దూదితో వచ్చి
గోడ మీది బొమ్మను చానాసేపు చూసి
"ఎవురి ఇల్లబ్బా ఇది?" అన్నాడు.
మాయమ్మ రొట్టె తట్టేది ఆపలేదు.
నెలలన్నీ చింపినాక కూడా
బొమ్మను గోడ మీంచి తీయలేదు.

తర్వాత ఫ్లెక్సీలొచ్చినాయి.
రైల్వేగేటు గోడకు ట్యుటోరియల్ ర్యాంకులు.
ఉరుకుందప్ప ముసలోడై, ఫోటో స్టూడియో మెట్ల కింద
కొత్త పని వెతుక్కున్నాడు:
చచ్చిపోయినోళ్లను కలిపి రాసేది.
రేషన్ కార్డులోని నాయన,
ఎవరి పెండ్లి ఫోటోలోనో అంచుకు సగం తెగిన అమ్మ,
ఇద్దరినీ ఒక్క చోట నిలబెట్టమని వస్తారు.
ఎట్ల బతికినారని అడగడు.
"చెయ్యి భుజం మీద పెట్టేదా, వద్దా?"
అంతే అడుగుతాడు.
కొందరు బయటికిపోయి బీడీ తాగొచ్చి
అప్పుడు చెప్తారు.

నాయన పోయిన ఏడు నేనూ పోయినాను.
"ఎట్ల రాయాల, దస్తగిరమ్మా?"
"నిద్రపోతా" అన్నాను. "పగటిపూట,
దుప్పటి మొహం మీదికి లాక్కొని.
మేం చప్పుడు కాకుండా చుట్టూ తిరుగుతా."
నవ్వే మొహం లేకుండా బొమ్మ రాసేది
ఆయప్పకు చాత కాలేదు. మూడు కాగితాలు చింపినాడు.
నాలుగోదాంట్లో దుప్పటి కిందినుంచి
రెండు పాదాలు, పగిలిన మడమలు,
పగుళ్లలో దూది.
దుడ్డు రెండుసార్లు ఇచ్చినాను. తీసుకోలేదు.

ఇంటికొచ్చి మేకుకు తగిలిస్తా చూసినాను,
గడప దగ్గర చెప్పులు:
నాయనవి, అమ్మవి, నావి, తమ్మునివి.
కొంచెం ఎడంగా
ఒక జత టైరు చెప్పులు,
ముక్కులు ఇంటి దిక్కు.