ఒక్కచోట తప్ప

మూడు లాంతర్ల దగ్గర చెప్పుల షాపు పైన
మా ప్రెస్సు.
కింద గమ్ము వాసన, పైన సిరా వాసన,
మధ్య మెట్ల మీద నా టిఫిను డబ్బా.

పన్నెండేళ్లుగా పంక్తుల చివర్లు చూసే పని నాది.
జనం పంక్తి మొదట్లో ఎక్కుతారు.
నేను కుడి అంచు పట్టుకుని, పొలం గట్టు మీద నడిచినట్టు
పైనుంచి కిందికి నడుస్తాను.
అక్కడ ఏవేవో వేలాడుతుంటాయి.
ఏమీ చూపించకుండా చాచిన వేలులా ఒక ఆ
సైకిలు దిగి ఎవరికోసమో ఆగిన ఒక ఈ
పైన రూ. అని ఉంటుంది, కింద పద్నాలుగు అని.
కూలి డబ్బుకి ఎప్పుడూ ఒక పంక్తి ఆలస్యం.

సీసం అక్షరాల రోజుల్లో బెవర సూరన్న
బీడీకట్ట కాగితం చింపి సందుల్లో కుక్కేవాడు.
"ఇరిగిన మాటని ఇంటికి పంపకే" అనేవాడు నాతో,
కంప్యూటరు వైపు చూడకుండా,
అది తన కుర్చీలో కూర్చున్న కొత్తల్లుడైనట్టు.

ఇప్పుడు కుక్కడానికి కాగితం లేదు.
కరెంటు పోయి వచ్చిన ఒక రాత్రి
కూర్చుని స్క్రిప్టు రాశాను:
ప్రతి పంక్తికీ వెళ్ళు.
చివరి మాట చూడు.
ఒంటి అక్షరమైతే కిందికి దించు.
విరిగిన మాటైతే అతుకు.
ఇంటిపేరుని మనిషి నుంచి విడదియ్యకు.
పేరా ఆఖర్న ఒక్క మాటే మిగిలితే
పై పంక్తిని కాస్త బిగించి లోపలికి పిలువు.
అయ్యాక, ఎన్ని సరిచేశావో చెప్పు.

మొదటిసారి పేజీలన్నీ మింగి ఊరుకుంది.
రెండోసారి లెక్క తప్పింది.
దాని లెక్కలో స్త్రీ ఆరు అక్షరాలు.
మన లెక్కలో ఒకటి.
అది నేర్పడానికి తెల్లవారింది.

మూడోసారి సీపాన తవిటయ్య గారి పుస్తకం మీద నడిపాను.
చంపావతి పక్క మిల్లులో ముప్పై ఏళ్లు గోనె నేసినాయన.
నూట తొంభై పేజీలు, నలభై సెకన్లు.
వెయ్యి నూట పదిహేడు, అంది.
గదిలో ఎవరూ లేరు. చప్పట్లు నేనే కొట్టుకున్నాను.

ప్రూఫు చూడ్డానికి ఆయన
పురికొస కట్టిన కళ్ళజోడుతో వచ్చాడు.
పోగు ఎక్కడైనా తెగిందేమో అన్నట్టు
పంక్తి పంక్తీ వేలితో తడిమాడు.
ఎనభై ఏడో పేజీలో వేలు ఆగింది.
"ఓలె గుంటా, నా లే ఏటైపోనాది?"

బేళ్ల చీటీల వెనక రాశాడు పుస్తకమంతా.
చీటీ ఎక్కడ అయిపోతే మాట అక్కడ విరిగేది.
గేటుకి కట్టిన నోటీసు దగ్గర చీటీ ఇలా ముగిసింది:
        రేపటి నుండి మిల్లు లే
వెనక చీటీ మీద
        దు.

"సీటీ తిప్పినంత సేపు మిల్లు లేస్తాది" అన్నాడు.
"సదివినప్పుడల్లా లేస్తాది. నువ్వు అతికీసినావు."
కాసేపాగి నవ్వాడు.
"నోటీసు బాసలో రాసినాను గాబట్టి దక్కింది.
మన నోటితో నేదు అని రాసుంటే
ఆ సివర ఏటుండీది?"
నే, అనుకున్నాను. నే ఉండేది.
పైకి అనలేదు.

ఆయన మెట్లు దిగాక స్క్రిప్టు తెరిచి
అన్ని ఆజ్ఞల పైనా ఒకటి చేర్చాను:
ఎనభై ఏడో పేజీ చివర ముట్టుకోకు.
ఆ మాట సరిగ్గా అడుగుకి దిగడానికి
ముందు పేజీల్లో నాలుగు పంక్తులు వదులు చెయ్యాల్సొచ్చింది,
చేత్తోనే, బీడీ కాగితం కుక్కినట్టు.
ఎందుకో పక్కన రాసి పెట్టాలి,
యంత్రం చదవని చోట,
రేపు ఈ కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం.
ఎలా రాయాలో తోచలేదు.

మళ్లీ నడిపాను.
కింద చెప్పుల షాపు షట్టరు దించుతున్నారు.
వెయ్యి నూట పదహారు, అంది.