ఏడో టేకు

ఒకటిన్నర పేజీ రాశాను ఆమెకి.
వేటకెళ్లిన బోటు తిరిగిరాని పొద్దున్న
ఫిషింగ్ హార్బర్ గట్టున నిలబడి
ఒక పెళ్లాం సముద్రాన్ని అడగాల్సిన మాటలు.

డైరెక్టర్ చదివాడు. నాలుగు మడతలు పెట్టి
టీ గ్లాసు కింద వేసుకున్నాడు.
"ఇంత సముద్రం ఎదురుగా ఉంటే
నీ మాటలెందుకోయ్.
డాల్ఫిన్స్ నోస్ వెనక తెల్లారనీ, చాలు."

తెల్లారింది.
హీరోయిన్ ఆరు టేకులూ అందంగానే చూసింది,
గోడమీద క్యాలెండర్ని చూసినట్టు.

ఏడోసారి, కట్టిన తాడుకి అవతల
ఐసు కరిగిపోతున్న చందువాల గంపతో
అర్జిల్లి నూకాలు ఇక పట్టలేక అరిచింది:
"ఓలమ్మా, అలగ సూత్తే బోటొచ్చీత్తాదేటి?
ఆపీసుకాడికెల్లి అడగవే!"

కట్ అనేలోపు
ఆ పిల్ల మెడ తిప్పింది.
నిజంగా తిట్టు తిన్న మొహం.
ఎటు వెళ్లాలో
నిజంగానే తెలియని మొహం.

సినిమాలో అదే ఉంచారు.
గొంతు తీసేసి
అలల చప్పుడు పోశారు.

జగదాంబ సెంటర్లో, మొదటి ఆట,
నా ముందు వరసలో ఎవరో పక్కవాడితో,
"చూశావా, ఒక్క మాట లేదు,
ఎంత చెప్పాడో!"

నేనేం అనలేదు.
చివర్లో 'మాటలు' అని
నా పేరొక్కటే పడింది.

ఆ రోజు పాడైన చేపలకి
నూకాలుకి డబ్బులిచ్చారా అని
ప్రొడక్షన్ వాళ్లని అడగాలి.

అడగాలనుకుంటూ,
తెరవైపు
అలాగే చూస్తూ కూర్చున్నాను.