తెగని పోగు

పుత్తూరులో మా మగ్గాల షెడ్డుకి
వాన కబురు రేడియో చెప్పక్కర్లేదు.
ఎండ ముదిరితే నూలు పెళుసెక్కి
గంటకి పదిసార్లు పోగు తెగుతుంది.
మధ్యాహ్నం దాకా తెగకుండా నడిచిందంటే
గాల్లోకి యాడనో తడి చేరినట్టే.
పక్క మగ్గం వజ్రవేలు అప్పుడు నావైపు తిరిగి
చూపుడువేలు కొక్కెంలా వంచుతాడు.
ముప్పై ఏళ్ల మోత తినేసిన చెవులు ఆయనవి.
మా మాటలన్నీ చేతులతోనే.

తూర్పుగాలికి కరెంటు పోతుంది.
ఓనరు స్తంభాల్ని తిట్టుకుంటూ ఉండగానే
మేము మోపెడ్ మీద నారాయణవనం దాటేసి
పిచ్చాటూరు డ్యాం కట్టమీద ఉంటాం.

మొదట్లో నేను గాలికి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి,
సుఖం, పైగా గాలం దూరం పోతుందని.
ఆయన భుజం పట్టి నన్ను అవతలి గట్టుకి నడిపించాడు,
మొహాన నీళ్లు కొట్టే గట్టుకి.
గాలి తోసుకొచ్చిన నాచు, పురుగు, పరిగిపిల్ల
అన్నీ చేరేది ఇక్కడికే గదా,
కొరమీనుకేం ఖర్మ
అక్కడ నీ పక్కన కూర్చోవడానికి?
ఇదంతా రెండు చేతులతో, ఒక ఉమ్ముతో చెప్పాడు.

కత్తిరి ఎండల్లో వచ్చామొకసారి.
తూటికాడల కింద బుడగ లేచేది,
ఒక గుటక గాలి మింగి
అది మళ్లీ బురదకి పోయేది.
ముక్కుముందర కప్పపిల్లని ఆడించినా
మా మొహం చూడలేదు.
మంచు కురిసే మార్గశిరంలో ఇంకా అన్యాయం.
ఎరని మూతితో పట్టుకుని
అప్పడిగిన బావమరిదిని చూసినట్టు
చాలాసేపు ఆలోచించి
వదిలేస్తుంది.

వాయుగుండానికి ముందటి సాయంత్రం వేరు.
గాలి ఉన్నట్టుండి నిలిచిపోతుంది.
నాగలాపురం కొండలు
కడిగిపెట్టినట్టు దగ్గరికొస్తాయి.
రాతికట్టు సందుల్లోంచి చీమలు
గుడ్లెత్తుకుని పైకి పోతుంటాయి.
వజ్రవేలు మోకాలు నొక్కుకుంటాడు.
నీళ్లడుగున ఎవరో షిఫ్టు సైరన్ వేసినట్టు
ఆకళ్లన్నీ ఒక్కసారే లేస్తాయి.

మొన్న అట్లాంటి గంటలో మూడు పడ్డాయి.
నాలుగోది, అన్నింటికన్నా పెద్దది,
దారం తెంపుకుని పోయింది.
నేను నోరు తెరిచి నిలబడిపోయాను.
ఆయన వేళ్లు మాత్రం, అలవాటుగా,
తెగిన కొసని వెతికి ముడి వేసేశాయి.
వేశాక చూసుకుని
ముడికి అవతల ఏమీ లేదని
పగలబడి నవ్వాడు.

చినుకులు మొదలైనాక
కొండ వెనక ఉరిమింది.
నేను తలెత్తాను.
ఆయన ఎత్తలేదు. కర్ర పట్టుకున్న
తన చేతికేసి చూసుకున్నాడు.
చేప కొట్టిందా అని సైగ చేశాను.
కాదు.
నా చెయ్యి లాగి
తన చేతి పక్కనే కర్రమీద పెట్టాడు.

నీళ్లలోంచి దారంలోకి, దారంలోంచి వెదురులోకి
సన్నగా, మగ్గం ఆగబోయే ముందటి వణుకులాగా,
ఏదో వచ్చి
మణికట్టు దగ్గర ఆగింది.

ఇంటికి పోదాం, పిడుగులు పడతాయి అని
నేను రెండు చేతులతో చెప్పాల్సింది.
ఒక చెయ్యి ఖాళీ లేదు.