ఎనిమిది మొనలు

పైన కాగితం, కింద గుడ్డ.
గీత నీకు కనిపిస్తుంది, రంగు బల్లకి కనిపిస్తుంది
అంటుంది థోరా, కుట్టుమిషన్ మీదికి వంగి.

కాగితాలు కొన్నవి కావు.
మార్చిలో ఆవుల వేలానికి అచ్చేయించి
పంచగా మిగిలిపోయిన కరపత్రాలు.
ఖాళీవైపు స్కేలు పెట్టి చుక్క మొనలు గీసింది.

ఒకటో ముక్క నీలం. రెండోది ఆర్నె పాత చొక్కా.
గీత మీద కుట్టు, మడిచి గోటితో నొక్కు,
పావంగుళం వదిలి కత్తిరించు.
కుట్లు దగ్గర దగ్గరగా పడాలి పిల్లా,
చింపినప్పుడు కాగితమే తెగాలి, దారం కాదు.

బయట విస్కాన్సిన్ మంచు.
పాలు పిండే వేళయిందని లేచి
ఆర్నె ఖాళీ కొట్టం దాకా వెళ్లొస్తాడు.
మేం తలెత్తం.

చింపుతుంటే
"నలభై రెండు" అంచున ఊడింది,
"హోల్‌స్టీన్" నిలువునా చీలింది,
"ఉదయం పది గంటలకు" నా ఒళ్లో రాలింది.

ఎనిమిదో మొన మొండిగా వచ్చింది.
విప్పనా? అన్నాను.
వద్దంది. దాని కాగితం కూడా తియ్యొద్దంది.
అందులో డాగ్రోస్ ఫోటో ఉంది,
చెవులు రిక్కించి.

కప్పుకుంటే గరగరమంటుందే, అన్నాను.

అననీ.