'ళ' లేని రోజు

నారాయణగూడ ప్రెస్సులో మా నాయన
అక్షరాల అరలో 'ళ'లు అయిపోతే
రచయితనడక్కుండానే
కళ్ళని కన్నులు చేసేవాడు.
ఏ పుస్తకం మీదా ఆయన పేరు లేదు,
గోళ్ళ కింద సీసపు మసి తప్ప.

ఇప్పుడు రాత్రి పదకొండింటికి
మౌలాలీలో నేను, యాకుత్‌పురాలో తహ్సీన్,
కొండాపూర్ అపార్ట్‌మెంట్ గేటు గదిలోంచి ఓదేలు,
ఒకే తెరమీద మూడు రంగుల గీతలం.

మొదటి పేరాలో మూసీ పక్కన ఇల్లు కట్టింది నేనే.
తెల్లారేసరికి తహ్సీన్ దానికి పరదా వేసింది.
ఓదేలు 'వర్షం' కొట్టేసి 'వాన' అన్నాడు,
ఆ వానకి కప్పు కారింది.
కోపమొచ్చి మళ్ళీ వర్షం పెట్టాను.
మళ్ళీ వాన.
ఎవరం ఏమీ అనుకోలేదు,
ఇల్లే తడిసింది.

నిన్నెవరో చదివి ఒక వాక్యాన్ని మెచ్చుకున్నారు:
"తలుపు మూసినా చప్పుడు లోపలే ఉండిపోయింది."
నాదే కదా అని మురిసి
పాత ప్రతుల్లోకి వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళి చూస్తే
తలుపు తహ్సీన్‌ది.
చప్పుడు ఓదేలుది.
'లోపల' చివర ఆ ఏత్వం ఒక్కటీ నాది.

ఇవాళ ఆకుపచ్చ గీత
"ఆమె క" దగ్గర ఆగిపోయింది.
ఓదేలు గస్తీకి లేచినట్టున్నాడు.
కళ్ళో, కడుపో, కన్నీళ్ళో.
నా దగ్గర 'ళ'లకి కరువు లేదు,
అయినా అడక్కుండా పెట్టబుద్ధి కాలేదు.

అతను తిరిగొచ్చేదాకా
ఆ 'క' పక్కన కూర్చున్నాను.