ఇరవై రెట్లు

మద్దిలేటన్న స్టుడియోలో
దాన్ని కెమెరా అని ఎవరూ ఒప్పుకోలేదు.
"లోపల సెన్సరు చిటికెనేలి గోరంత,
బయట లెన్సేమో ఏనుగు తొండం.
పెండ్లికి తెచ్చేవు, జనం నవ్వుతారబ్బీ."

నేనూ నవ్వేవాణ్ణి.
మీట నొక్కితే తాబేలు తలలాగా
గుర్రుమంటూ బయటికొచ్చేది దాని ముక్కు.
పొద్దు గుంకితే చాలు
మొహాలమీద జొన్నపిండి చల్లేది.
మనం నొక్కాక కాసేపు ఆలోచించి
దానికి బుద్ధి పుట్టినప్పుడు తీసేది.

అయినా దాంతోనే
మా మిద్దెమీద కూచుని
కొండారెడ్డి బురుజు మీది పావురం
కంటిచుట్టూ ఎర్రగీత చూశాను.
చందమామలో గుంతలు చూపిస్తే
పక్కింటి పిల్లలు తెరని వేలితో తడిమారు.
కంతులమీద కొన్నది. నాది.

ఆ అక్టోబరులో
తుంగభద్రా హంద్రీ ఒకదాన్నొకటి తోసుకుంటూ
ఊళ్ళో జొరబడిన రాత్రి తెల్లారాక
మిద్దె చుట్టూ ఎర్రనీళ్ళు.
దూరంగా, జోహరాపురం దిక్కున,
నీళ్ళమీద ఒక చుక్క.

లాగాను.
చుక్క రేకుల కప్పయింది.
కప్పుమీద మనిషి.
ఇంకా లాగాను, చివరిదాకా.
నడివయసు ఆడమనిషి,
గడ్డంమీద పచ్చబొట్టు, మూడు చుక్కలు,
ఒళ్ళో కుట్టుమిషను తల,
బిడ్డని పొదువుకున్నట్టు.

నా ఊపిరికే ఊగిపోయింది ఆమె లోకం.
పిట్టగోడమీద బియ్యంసంచి పెట్టి
దానిమీద ఆనించాను.
నోరు తెరిచి ఏదో అంటోంది.
నోరు ఇరవై రెట్లు దగ్గరకొచ్చింది,
మాట ఒక్క రెట్టు కూడా రాలేదు.

నేనూ కేకేశాను, పిచ్చోణ్ణి.
ఆమె నా కంట్లో ఉంది గానీ
ఆమె కంటికి నేనెక్కడ?

మధ్యాహ్నానికి ఛార్జి అయిపోయింది.
నాలుగు పెన్సిల్ సెల్లులు మింగే యంత్రం,
అంగళ్ళన్నీ నీళ్ళ కింద.
గోడ గడియారంలోది పీకాను,
టీవీ రిమోటులోవి రెండు,
పక్క మిద్దె హుసేనయ్య వాళ్ళ గడియారంలోది ఒకటి.
రెండిళ్ళల్లో రెండూ పదికి టైము ఆగిపోయింది.
"ఏంటికిరా ఇదంతా?" అంది మా అమ్మ.
"చూస్తాండా."
"చూస్తే?"

ఆమె చెయ్యెత్తింది. నొక్కాను.
కార్డులో చెయ్యెత్తక ముందరిది ఉంది,
దించేసిన తర్వాతది ఉంది.
అంతలోనే పొద్దు గుంకింది,
జొన్నపిండి రాలడం మొదలైంది.
ఆఖరి ఫొటోలో ఆమె ఏదో, నీళ్ళేవో
తీసిన నాకే తెలీదు.

నెల తర్వాత
బురదవాసన వదలని బుధవారపేటలో
సాయం బియ్యం వరసలో
నా ముందు మనిషి వెనక్కి తిరిగింది.
మూడు చుక్కలు.
"ఉరుకుందమ్మా" అని కాగితాలవాడు పిలిస్తే
పేరు తెలిసింది.
మిషను తుప్పుపట్టి బిగుసుకుందని
ఎవరితోనో చెబుతోంది.
గొంతు నేననుకున్నంత సన్నం కాదు, బొంగురు.

మెడలో కెమెరా ఉంది.
చేతులు అలవాటుకొద్దీ చివరిదాకా లాగాయి.
అంత లాగితే
రెండడుగుల్లో ఉన్నది దానికి దొరకదు.
తెరంతా గోధుమరంగు మబ్బు,
పసుపు చతురస్రం వెతుక్కుంటూ
వణుకుతూ, మళ్ళీ వెతుక్కుంటూ.

"ఏమబ్బీ, నన్నెరుగుదువా?"

ముక్కు లోపలికి ముడిచి, మూత పెట్టి,
మద్దిలేటన్న స్టుడియోలో
స్టాండుకు పూసే నూనె ఉంటుందని,
రెండు రాత్రులు నానబెడితే
మిషను తిరుగుతుందని
చెప్పాను.